రంగస్థల పద్య ధ్వనిముద్రణలు: నాణ్యతకు ప్రమాణమేది?

వ్యాససంగ్రహం: పాత గ్రామఫోను రికార్డులను శుభ్రపరచి పంచుకోవడం సంగీతప్రియులలో విస్తరించింది. గరగర శబ్దం ఎంత తగ్గితే ప్రతి అంత మేలైనదనే భావన కూడా బలపడింది. రంగస్థల పద్యానికి ఈ కొలత చాలదనీ, అక్షరం ఎంత నిలిచిందన్నదే తొలి ప్రమాణం కావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రంగస్థల పద్యం, గ్రామఫోను రికార్డు, స్థానం నరసింహారావు, శ్రుతి, అక్షర స్పష్టత.

1. ఉపోద్ఘాతం

నేడు తెనాలి గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నాయి. నాటకాభిరుచి విషయంలో మాత్రం ఇవి ఒకే సీమ. ‘సత్య హరిశ్చంద్రీయం’ కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల ప్రాంతపు ఇటికంపాడులో జన్మించారు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామవిలాస సభ నటుడిగా సత్యభామ, చిత్రాంగి, రోషనార వంటి స్త్రీ పాత్రలకు పేరొందారు. తెనాలి నుంచి రేపల్లెకు సాగే రైలుమార్గం వెంట ఉన్న ఊళ్లలోనూ పౌరాణిక నాటకానికి ఆదరణ ఉండేది. శాస్త్రీయ రాగాలను సామాన్య శ్రోతకు చేరువ చేసిన మార్గాలలో నాటక పద్యం ఒకటి. గ్రామఫోను దాన్ని ఇంటి అరుగు మీదికి తెచ్చింది.

2. రికార్డు పరిమితి

నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపున సుమారు మూడు నిమిషాల గానమే పడుతుంది. రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’ కేకలతో సాగే రాగాలాపన ఇందులో ఇమడదు. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం కోసం స్థానం స్వయంగా రచించి పాడిన ‘మీరజాలగలడా’ పాటనే తీసుకోవచ్చు. వేదికపై అభినయంతో పెరిగే ఈ పాట రికార్డులో ఒక్క రూపానికి కుదించుకుపోయింది. 1966 నాటి చలనచిత్రంలో పి. సుశీల గానం ద్వారా ఇది తరువాతి తరాలకు చేరింది. కాబట్టి పాత రికార్డును మొత్తం ప్రదర్శనకు ప్రతిబింబంగా కాక, దానిలోని ఒక తునకగా వినాలి.

3. గరగర – అక్షరం

లక్కతో చేసిన రికార్డుపై ఉక్కు ముల్లు రాపిడి వల్ల పుట్టే ‘హిస్’ ఎక్కువగా హెచ్చు పౌనఃపున్యాలలో వినిపిస్తుంది. శ, ష, స అనే ఊష్మాల ఊపిరి ధ్వని కూడా ఆ పరిధిలోనే ఉంటుంది. ఒకదాన్ని గట్టిగా వడగడితే రెండోదీ కొంత పోతుంది. అప్పుడు ‘సకలం’, ‘శకలం’ అనే మాటలు చెవికి ఒకటే అవుతాయి. మొత్తానికీ ముక్కకూ తేడా చెరిగిపోతుంది.

పద్యంలో ఈ నష్టం అర్థంతో ఆగదు. యతిమైత్రిలో శ, ష, సలు ఒకదానికొకటి చెల్లుతాయి గాని, ప్రాసలో సామాన్యంగా అదే హల్లు తిరిగి రావాలి. నటుడు ప్రాసాక్షరాన్ని ఒత్తి పలకడంలో చూపిన శ్రద్ధ వడపోతలో చదునైపోతే, ఆ పఠనం సాహిత్యపరంగా పేదదవుతుంది. రాగం మిగులుతుంది, పద్యం పలచబడుతుంది.

4. వేగం – కంఠస్వరం

రికార్డు తిరిగే వేగాన్ని సరిచూసుకోకపోవడం మరొక లోపం. 78 వేగంతో తిరగవలసినది 80తో తిరిగితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పెరుగుతుంది. స్వరాల మధ్య నిష్పత్తి మారదు కనుక రాగాన్ని గుర్తించడానికి ఇబ్బంది లేదు; గొంతు మాత్రం సన్నబడుతుంది. స్త్రీ పాత్రధారి విషయంలో ఇది చిన్న దోషం కాదు. స్థానం గళంలోని మార్దవం ఆయన సాధనా, యంత్రం తెచ్చిపెట్టిన భ్రమా అన్నది తేలకుండా ఆయన స్త్రీ పాత్రాభినయంపై తీర్పు చెప్పడం సాహసమే.

5. ముగింపు

గరగరను భరించలేని కొత్త శ్రోతకు శుభ్రపరచిన ప్రతి అవసరమే. అది మూలానికి తోడుగా ఉండాలి గాని, మూలం స్థానాన్ని ఆక్రమించకూడదు. వడగట్టని ప్రతినీ, రికార్డు కంపెనీ పేరు, సంఖ్య, లేబులుపై ఉన్న వివరాలు, తిప్పిన వేగం వంటి సమాచారాన్నీ జతచేసి పంచుకుంటే శ్రోత అభిరుచి పరిశోధకుడికి ఆధారమవుతుంది. తాళపత్ర ప్రతులకు పాఠపరిష్కర్తలు పాటించే నియమమే ఇది: సవరించిన పాఠం పక్కన మూలపాఠం కనబడాలి. పద్య ధ్వనిముద్రణలు కూడా పాఠాలే. వాటికీ ఆ గౌరవం దక్కాలి.