దారానికే బరువు

గాలం వేయడం తెలిసినవాడికి ఫ్లై ఫిషింగ్ మొదట తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. మన కాలవగట్ల మీద సీసపుగుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎర బరువు లెక్కలోకే రాదు. కొక్కేనికి కోడి ఈకలు, జింక తోక వెంట్రుకలు చుట్టి కట్టిన బొమ్మచేప అది. బరువంతా లావుపాటి దారంలో ఉంటుంది, విసిరేదీ ఆ దారాన్నే. చర్నాకోల ఝళిపించడం చూసినవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. కర్ర వెనక్కి పోయి టక్కున ఆగుతుంది, దారం గాల్లో మడత విప్పుకుంటూ సాగుతుంది, పూర్తిగా సాగాకే మళ్ళీ ముందుకు. ఆ క్షణం ఓపిక పట్టడమే కష్టం. తొందరపడితే కొక్కెం టోపీకి తగులుకుంటుంది. నాకైతే చెవికే తగులుకుంది.

అమెరికా తూర్పు తీరాన మేరీల్యాండ్, వర్జీనియాల్లోకి చొచ్చుకొచ్చిన చెసపీక్ బేలో ఈ విద్యకు అసలు కాలం చలిగాలి మొదలయ్యాక వస్తుంది. బే పొడవు దాదాపు 320 కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లే. ఇక్కడి దొర స్ట్రైప్డ్ బాస్, తల నుంచి తోకదాకా సాగిన నల్లచారల చేప. ఊళ్ళో అందరూ రాక్‌ఫిష్ అంటారు. మన పులసలాగే ఉప్పునీట పెరిగి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది, కాకపోతే వసంతంలో.

ఎండాకాలంలో దాని బతుకు ఇరుకు. పైనీరు వేడి, లోతునీటిలో ఆక్సిజన్ తక్కువ. అక్టోబరు, నవంబరుల్లో నీరు చల్లబడి పైదీ కిందదీ కలిశాక దానికి మళ్ళీ బే అంతా తిరగబుద్ధవుతుంది. మన కవళ్ళకు దూరపు చుట్టమైన మెన్‌హేడెన్ పిల్లలు అప్పుడే వాగుల్లోంచి సముద్రం వైపు మందలుగా దిగుతాయి. కింద నుంచి బాస్, పై నుంచి సీగల్స్. దూరాన పక్షులు గుంపుగా నీళ్ళలోకి దూకుతుంటే అందరి పడవలూ అటే తిరుగుతాయి. తెలిసినవాడు గుంపు మధ్యకు పోనివ్వడు. గాలికి పైవైపున ఇంజను ఆపి, పడవను దానంతటదే కొట్టుకుపోనిస్తాడు. పైన ఎగిరేవి చిన్న చేపలు, పెద్దవి తరచు అడుగున ఉండి చచ్చి రాలేవాటిని ఏరుకుంటాయి.

అలా అడుగుకు చేరడానికే 1980ల్లో ఎరలు కట్టే బాబ్ క్లౌజర్ తన ఎరకు సీసపు కళ్ళు కట్టాడు. పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది చేపల కోసం కట్టిన ఎర అది. లాగి ఆపితే తల కిందికి వాలి మునుగుతుంది, లాగితే మళ్ళీ లేస్తుంది. గాయపడ్డ చేపపిల్ల అచ్చం అలాగే కదులుతుంది. అంతకు ముందే, 1950ల చివర్లో, ఇలాగే ఎరలు కట్టే లెఫ్టీ క్రే ఈ బేలోని రాక్‌ఫిష్ కోసమే డిసీవర్ అనే ఎర కట్టాడు. విసిరేటప్పుడు ఈకలు కొక్కేనికి చుట్టుకోకుండా కట్టడమే అందులో కిటుకు. 1991లో అమెరికా తపాలాశాఖ ఆ ఎర బొమ్మతో స్టాంపు వేసింది.

తొమ్మిదడుగుల కర్ర, మునిగే దారం. విసిరి పదిదాకా లెక్కపెట్టాలి. తర్వాత ఎడమచేత్తో జానెడు, మూరెడు, ఒక్క క్షణం ఆగి మళ్ళీ జానెడు. లాగిన దారం కాళ్ళకు చుట్టుకోకుండా కొందరు బట్టల బుట్ట లాంటి ప్లాస్టిక్ తొట్టి నడుముకు కట్టుకుంటారు. చూడటానికి నవ్వొస్తుంది, గాలి లేస్తే మాత్రం ఆ బుట్టే కావాలనిపిస్తుంది. తడిదారం రాసుకుని చలికి కొంకర్లుపోయిన వేళ్ళు చిట్లుతాయి. చేప ఎరను పట్టగానే కర్ర ఎత్తబుద్ధవుతుంది. ఎత్తితే ఎర దాని నోట్లోంచి జారిపోతుంది. కర్రను చేప వైపే ఉంచి దారాన్ని చేత్తో గట్టిగా లాగాలి.

ఈ పద్ధతిలో ఎక్కువ చేపలు పడవు. దాని విలువ అక్కడే ఉందని నా లెక్క. విపరీతంగా పట్టేయడంతో మేరీల్యాండ్ 1985 నుంచి 1990 దాకా రాక్‌ఫిష్ వేటనే నిషేధించింది. చేప తిరిగి పుంజుకుంది. కానీ 2019 నుంచి పిల్లచేపల లెక్క మళ్ళీ వరసగా సగటుకు దిగువనే ఉంటోంది. వేడినీటిలో పట్టి వదిలిన చేప బతకడం కష్టం. చలికాలం నీటిలో ప్రాణవాయువు ఎక్కువ, తేరుకునే అవకాశమూ ఎక్కువ. ఆ అవకాశం పోకుండా పటకారుతో కొక్కెం వెనకముల్లు ముందే అణిచేస్తారు, చేతులు తడిపి గానీ చేపను ముట్టుకోరు.

నేను పట్టిన మొదటిది మోచేతి పొడవుంది. పడవ పక్కన నీళ్ళలోనే తోక దగ్గర పట్టుకున్నాను. మొప్పలు రెండుసార్లు ఆడాయి, మూడోసారి తోక విదిలించి నా మొహాన నీళ్ళు కొట్టి పోయింది.