బాణం మీద ఏం రాశావు?

‘కారణాలు తెలపండి’ అంటే మా పిల్లలు గైడులో ఉన్న అయిదు పాయింట్లూ గడగడా రాసేస్తారు. ఏది దేనికి దారితీసిందో చెప్పమంటే నేలచూపులు చూస్తారు. అందుకే అప్పుడప్పుడూ పుస్తకాలు మూయించి, బోర్డు మీద గళ్లు, బాణాలు గీయిస్తుంటాను.

ఈసారి తొమ్మిదో తరగతికి రాబందుల సంగతి ఇచ్చాను. 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. ఎందుకు? పురుగుమందులు, సెల్ టవర్లు, అడవుల నరికివేత... బోర్డు నిండిపోయింది. నా షరతు ఒక్కటే. బాణం మీద ‘ఎలా’ అన్నది రాయాలి, రాయలేకపోతే చెరిపేయాలి. సెల్ టవర్ అక్కడే కూలింది.

శాస్త్రవేత్తలూ మొదట్లో అంటురోగమేమో అనుకున్నారు. పాకిస్తాన్‌లో పనిచేసిన బృందం 2004లో అసలు ముడి విప్పింది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్! మందు పడిన కొద్దిరోజుల్లోనే పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు పేరుకుంటుంది. ఇక్కడ ప్రతి బాణం మీదా రాయడానికి మాట ఉంది.

“అన్ని పశువులకూ ఆ మందు వెయ్యరు కదా సార్?” అంది ఒక అమ్మాయి. పీరియడంతా ఈ ప్రశ్నకే ఇచ్చేశాను. వందల కళేబరాల్లో ఒక్కదానిలో విషం ఉన్నా ఆ జాతి కుప్పకూలుతుందని లెక్కలు తేల్చాయి. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలతాయి. జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. ఈ రెండు గళ్లూ పక్కనుంచి వచ్చి కలిస్తే తప్ప బొమ్మ నిలబడదు. తిన్నగా గీసిన ఒంటి గొలుసంటే నాకు అనుమానం అందుకే. తనిఖీ రోజున గోడకు అంటించే రంగురంగుల చార్టుల్లో అవే ఎక్కువ.

తర్వాత పిల్లలు, రాబందులు లేక మిగిలిపోయిన కళేబరాల నుంచి ఊరకుక్కలు, కుక్కకాట్లు, రేబిస్ దాకా వెళ్లారు. అక్కడ చుక్కల గీతే గీయమన్నాను. ఆధారం ఉంది గానీ, కుక్కలు పెరగడానికి ఊళ్లో చెత్తకుప్పల్లాంటి వేరే దారులూ ఉన్నాయి.

2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని తేలి, 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. బోర్డు మీద మందు నుంచి రాబందు దాకా వెళ్లే బాణాలను ఎక్కడ తెంచాలో తేల్చుకోలేక వెనక బెంచీవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు.