తెలుగు సినిమాలో అడవి - కౌమార ప్రేక్షకుడు: ‘కొండపొలం’ కేంద్రంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అడవి, వన్యప్రాణి అనే మాటలు తెలుగు విద్యార్థికి పాఠ్యపుస్తకంలో నిర్వచనాలుగా ఎదురవుతాయి. అవే తెరమీద అనుభూతిగా ఎదురవుతాయి. కౌమారదశలో నిర్వచనం కన్నా అనుభూతి బలమైనది. అందువల్ల కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ పరిసరాల్లో రూపుదిద్దుకునే సినిమా తెలుగు పిల్లలకు అడవి గురించి ఏం నేర్పుతున్నదో పరిశీలించవలసి ఉంది. ‘అడవి రాముడు’, ‘జనతా గ్యారేజ్’, ‘అరణ్య’, ‘పుష్ప’, ‘ఆర్ఆర్ఆర్’ చిత్రాలలో అడవి కథానాయకుడి ఔన్నత్యాన్ని చాటే సాధనంగా నిలుస్తున్నదనీ, ‘కొండపొలం’ నవల అడవిని నేర్చుకోవలసిన జ్ఞానంగా చూపుతున్నదనీ, అది సినిమాగా మారినపుడు ఆ జ్ఞానం కొంత నిలిచి కొంత జారిపోయిందనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలక పదాలు: పర్యావరణ విమర్శ, కౌమార విద్య, తెలుగు సినిమా, కొండపొలం, నల్లమల, వన్యప్రాణులు.

1. ఉపోద్ఘాతం:

సినిమానూ పర్యావరణ విద్యనూ కలిపి ఆలోచించడం కొత్త విషయం కాదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పు ఈ రెంటినీ ఒకే చోట నిలిపింది. ప్రతి సినిమా హాలులో, ప్రతి ఆటలో కనీసం రెండు పర్యావరణ సందేశాల స్లైడ్లను ఉచితంగా ప్రదర్శించాలనీ, దీన్ని హాలు లైసెన్సుకు షరతుగా చేయాలనీ ఆ తీర్పు ఆదేశించింది. పర్యావరణాన్ని పాఠశాలల్లో, కళాశాలల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలన్న సూత్రాన్నీ అంగీకరించింది. విశ్వవిద్యాలయాలలో నేడు డిగ్రీ విద్యార్థులందరూ చదివే పర్యావరణ అధ్యయనం కోర్సుకు మూలం ఇదే.

ఈ తీర్పు దృష్టిలో చైతన్యం కలిగించేవి రెండు: తరగతి గది, సినిమా హాలు. అయితే హాలులో తీర్పు చోటిచ్చింది కథకు ముందో విరామంలోనో పడే స్లైడుకు. ఆ తర్వాత రెండున్నర గంటలు నడిచే కథకు కాదు. స్లైడు పడుతున్నపుడు ప్రేక్షకుడు సీటు వెతుక్కుంటూ ఉంటాడు. అతని మనసులో నిలిచేది కథే. కాబట్టి కథలోని అడవిని విమర్శకు పెట్టడం పర్యావరణ విద్యలో భాగమే అవుతుంది.

2. కథానాయకుడి నీడలో అడవి:

1977లో వచ్చిన ‘అడవి రాముడు’ (దర్శకత్వం: కె. రాఘవేంద్రరావు) తెలుగు సినిమా అడవి కథలకు ఒక నమూనా ఇచ్చింది. అడవిని దోచుకునే పెద్దమనుషులు, నలిగిపోయే అమాయక ప్రజలు, వారి మధ్యకు వచ్చి అండగా నిలిచే రాము. అతడు అటవీ అధికారి అన్న సంగతి తర్వాత వెల్లడవుతుంది. ఈ కథలో అడవి పక్షాన నిలవడం వీరత్వమన్న భావన ఉంది. అది తక్కువ విషయం కాదు. కాని అడవి గురించి తెలుసుకోవలసిన అవసరం అతనికి గాని ప్రేక్షకునికి గాని కలగదు. దుష్టుడు ఎవరో తెలిస్తే చాలు.

దాదాపు నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన ‘జనతా గ్యారేజ్’ (2016, దర్శకత్వం: కొరటాల శివ) కథానాయకుణ్ణి పర్యావరణ విద్యార్థిగా చిత్రించింది. చదువుకున్న యువకుడు చెట్టు గురించి, నేల గురించి నిర్భయంగా మాట్లాడడం కౌమార ప్రేక్షకునికి ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే కథ సాగేకొద్దీ ఆనంద్ మొక్కల నుంచి మనుషుల వైపు, అధ్యయనం నుంచి బాహుబలం వైపు మళ్ళుతాడు. ప్రకృతి ప్రేమ అతని వ్యక్తిత్వానికి తొలి పరిచయ వాక్యంగా మిగిలిపోతుంది.

ప్రభు సాల్మన్ దర్శకత్వంలోని ‘అరణ్య’ (2021) ఈ ధోరణికి కొంత దూరంగా జరిగింది. ఏనుగుల దారికి అడ్డంగా కట్టిన గోడ ఇందులోని సమస్య. ఏనుగుకు ఒక దారి ఉంటుందనీ, ఆ దారి దాని జీవనాధారమనీ చెప్పిన కథావస్తువు తెలుగు తెరకు అరుదైనది. ఐనా ఇక్కడి అరణ్యుడు సమాజానికి పూర్తిగా వెలుపలి మనిషి. అడవిని ప్రేమించాలంటే అలాంటి అసాధారణ వ్యక్తి కావాలేమో అన్న భావనను ఆ పాత్ర మిగిల్చుతుంది. పదిహేనేళ్ళ విద్యార్థి అతన్ని మెచ్చుకోగలడు గాని, అతనిలా ఉండగలనని అనుకోలేడు.

3. చెట్టు, దుంగ, కూలీ:

‘పుష్ప: ది రైజ్’ (2021, దర్శకత్వం: సుకుమార్) పై నమూనాను తలక్రిందులు చేసింది. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖల మంత్రి, స్వయంగా నటుడు అయిన పవన్ కల్యాణ్ బెంగళూరులో మాట్లాడుతూ, నలభై ఏళ్ళ కిందట కథానాయకుడు అడవిని కాపాడేవాడనీ, ఇప్పుడు అడవిని నరికి స్మగ్లింగ్ చేసేవాడే కథానాయకుడనీ అన్న అర్థంలో వ్యాఖ్యానించారు. కన్నడ చిత్రం ‘గంధద గుడి’ని అందుకు ఉదాహరణగా తీసుకున్నారు. ఆ మాట పెద్ద చర్చకు దారితీసింది.

ఈ చర్చ కథానాయకుని శీలం దగ్గరే ఆగిపోయింది. విమర్శ అక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేయాలి. ఎర్రచందనం శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల వంటి దక్షిణ తూర్పు కనుమల కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే వృక్షం. దాని చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ అరుదైన చెట్టు చుట్టూ నడిచే కథలో చెట్టు కన్నా దుంగే ప్రధానం. బరువు, ధర, రవాణా, దాచడంలోని నేర్పు - ఇవే కథను నడుపుతాయి. చెట్టు నిలబడి ఉండగా దాని విలువ ఏమిటన్న ప్రశ్న కథకు పుట్టదు. యువ ప్రేక్షకునికి కలిగే నష్టం, స్మగ్లరును మెచ్చుకోవడం కన్నా, చెట్టును సరుకుగానే చూడడం అలవాటు కావడంలో ఎక్కువగా ఉంది.

అదే సమయంలో ఈ చిత్రం ఒక నిజాన్ని దాచలేదు. గొడ్డలి పట్టేవాడు కూలీ. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. అడవిని కాపాడడం అనే మాటకు ఈ పార్శ్వమూ ఉంది. పుష్పరాజ్ కూలీగా మొదలవుతాడు కనుకనే పేద యువకులు అతనిలో తమను చూసుకున్నారు. పర్యావరణ పాఠం ఈ కూలీని విస్మరిస్తే అది కడుపు నిండినవారి నీతిగానే వినబడుతుంది. ‘అడవి రాముడు’ మంచివాడు, ‘పుష్ప’ చెడ్డవాడు అన్న విభజన తరగతి గదికి చాలకపోవడానికి కారణం ఇదే.

4. తెరమీది పులి:

ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం - ఈ జంతువులను ప్రదర్శనలకు శిక్షణ ఇచ్చి వాడరాదని కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. ఇతర జంతువులతో చిత్రీకరణకూ ముందస్తు అనుమతి తప్పనిసరైంది. జంతువుల బాధను తగ్గించిన మేలైన నియమాలివి. వాటి తర్వాత తెరమీద పులి క్రమంగా గ్రాఫిక్స్ పులి అయింది.

ఈ మార్పు ఫలితాన్ని ‘ఆర్ఆర్ఆర్’ (2022, దర్శకత్వం: ఎస్.ఎస్. రాజమౌళి)లో స్పష్టంగా గమనించవచ్చు. అడవిలో పులిని పట్టిన భీమ్ తన అవసరానికి దాన్ని వాడుకుంటున్నందుకు క్షమాపణ కోరతాడు. వేటగాని సంస్కారాన్ని పట్టిచ్చే మంచి ఘట్టమిది. విరామానికి ముందు అవే మృగాలు శత్రువు భవనం మీదికి ఆయుధాలుగా దూకుతాయి. నిజమైన పులి మనిషి కనబడితే సాధారణంగా తప్పుకుంటుంది. ఎక్కువ సమయం విశ్రాంతిలో గడుపుతుంది. వేటలో చాలాసార్లు విఫలమవుతుంది. గ్రాఫిక్స్ పులికి ఆకలి, అలసట, భయం లేవు. కథకు ఎంత క్రౌర్యం కావాలో అంత క్రౌర్యం దానికి ఉంటుంది. అలాంటి పులిని చూసి పెరిగిన పిల్లలకు అసలు పులి మీద భయమో, ఆరాధనో కలుగుతుంది. శ్రద్ధ కలగడానికి ఈ రెండూ చాలవు.

5. ‘కొండపొలం’ - నవల, సినిమా:

కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరవు కాలంలో ఊళ్ళో మేత, నీళ్ళు కరవైనపుడు గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయి, రోజుల తరబడి అక్కడే ఉండి మేపుకురావడమే కొండపొలం. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని, ఆత్మవిశ్వాసం లేని రవి తండ్రితో, తోటి కాపరులతో కలిసి ఈ ప్రయాణం చేస్తాడు.

ఈ నవల ప్రత్యేకత రవి విద్యార్థి స్థానంలో ఉండడం. డిగ్రీ ఉన్నవాడు ఇక్కడ ఏమీ తెలియనివాడు. చదువు లేని కాపరులు గురువులు. ఏ వాగులో నీరుంటుంది, మంద ఎక్కడ నిద్రించాలి, అడవి ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే దాని అర్థమేమిటి వంటి ప్రశ్నలకు జవాబులు తెలియకపోతే గొర్రె దక్కదు, మనిషీ దక్కడు. అడవి మీద ప్రేమ ఇక్కడ ఉపన్యాసం వల్ల పుట్టలేదు. అవసరం పరిచయమైంది, పరిచయం ఎరుకైంది, ఎరుక గౌరవమైంది. కౌమార విద్యకు ఈ క్రమమే ఆధారం కాదగినది.

నవల లేవనెత్తే కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) అక్కడి మేతపై ఆంక్షలు పెడుతుంది. అటవీ హక్కుల చట్టం (2006) అడవి మీద ఆధారపడిన సంప్రదాయ వాసుల మేత హక్కునూ, రుతువును బట్టి మందలతో వచ్చేవారి హక్కునూ గుర్తిస్తుంది. పులికి గొర్రె ఆహారం. కాపరికి గొర్రె జీవనం. మందకు అడవి ప్రాణాధారం. ఇందులో దుష్టపాత్ర ఎవరూ లేరు. దుష్టుడు లేని సంఘర్షణను ఆలోచించడం నేర్పే కథ యువ పాఠకులకు అరుదుగా దొరుకుతుంది.

క్రిష్ జాగర్లమూడి దర్శకత్వంలో ఈ నవల 2021 అక్టోబరు 8న సినిమాగా విడుదలైంది. కాపరుల బృందాన్ని, వారి నడకను, మందను తెరమీదికి తెచ్చినందుకు దీన్ని మెచ్చుకోవాలి. అయితే రెండు మార్పులు గమనార్హం. మొదటిది, నవలలో లేని ఓబులమ్మ పాత్ర. అడవి తెలిసిన స్త్రీకి ప్రాముఖ్యం దక్కడం మంచిదే గాని, రవి చూపు అడవి మీదినుంచి ఆమె వైపు మళ్ళిన మేరకు కథ ప్రేమకథ అయింది. రెండవది, అటవీ సర్వీసు ఇంటర్వ్యూలో రవి చెప్పే జవాబుగా అడవి అనుభవాన్ని అమర్చడం. కాపరుల జ్ఞానానికి రాజ్యం ముందు గౌరవం దొరికిందని దీన్ని చదవవచ్చు. పులిని ఎదిరించడం పిరికితనాన్ని జయించే పరీక్ష అయిందనీ, అడవి వ్యక్తిత్వ వికాస శిబిరమైందనీ కూడా చదవవచ్చు. రెండవ పఠనానికే సినిమాలో ఎక్కువ ఆధారాలున్నాయి. నవలలో రవిని అడవి మారుస్తుంది. సినిమాలో రవి అడవిని గెలుస్తాడు. ఈ తేడాను గుర్తించగల విద్యార్థికి పర్యావరణ విమర్శ మొదటి పాఠం అర్థమైనట్లే.

6. తరగతి గదికి దారి:

సినీ కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు ఎక్కువగా నివసించే కృష్ణానగర్‌కు చేరువలోనే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర, 1998లో ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. సుమారు 140 హెక్టార్ల ఈ అడవి ముక్కలో నెమలి, అలుగు, ముళ్ళపంది, పునుగు పిల్లి ఉన్నట్లు నమోదైంది. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదనపై పౌరులు ఆందోళన చేయగా విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. తెరమీది అడవులకు ప్రాణం పోసే ప్రాంతం పక్కనే ఉన్న అసలు అడవికి తెరమీద తగిన చోటు దక్కలేదు.

2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళన చేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను ఆపించింది. అపుడు కృత్రిమ మేధతో తయారైన జింకల, నెమళ్ళ చిత్రాలు ప్రచారంలోకి రావడం మరో వివాదమైంది. నిజమైన జింకకు హాని జరుగుతుంటే కల్పిత జింక చిత్రం ఆ వాదాన్నే బలహీనపరచగలదు. దృశ్యాన్ని ప్రశ్నించే నేర్పు పర్యావరణ విద్యలో ఎందుకు భాగం కావాలో ఈ ఉదంతం చెబుతుంది.

పై చర్చను బట్టి ఉపాధ్యాయులు చేపట్టదగిన పనులు మూడు. ఒకటి, అడవి నేపథ్యంగల ఒక సినిమా చూపి, అందులో ఎన్ని చెట్ల పేర్లు, ఎన్ని పక్షుల పేర్లు వినబడ్డాయో రాయించడం. రెండు, ‘కొండపొలం’ నవలలోని ఒక ఘట్టాన్ని సినిమాలోని అదే ఘట్టంతో పోల్పించి, ఏది మిగిలిందో, ఏది పోయిందో చర్చించడం. మూడు, దగ్గరలో ఉన్న చెరువుకో, గుట్టకో, ఉద్యానవనానికో ఏడాదిలో పలుమార్లు ఒకే చోటికి తీసుకువెళ్ళడం. ఒకసారి చూస్తే అది విహారం. రుతువులు మారుతుండగా అదే చెట్టును మళ్ళీ మళ్ళీ చూస్తేనే పరిచయం ఏర్పడుతుంది.

7. ముగింపు:

- తెలుగు సినిమాలో అడవి చాలావరకు కథానాయకుని గుణాన్నో, బలాన్నో నిరూపించే రంగస్థలం. రక్షకుడైనా, స్మగ్లరైనా ప్రేక్షకుని మమకారం అతనికే చెందుతుంది. చెట్టుకు, మృగానికి చేరదు.
- సందేశం ఉన్నంత మాత్రాన సినిమా పర్యావరణ పాఠం కాదు. దుష్టుడిని చూపినంత మాత్రాన సమస్య అర్థం కాదు.
- కూలీని, కాపరిని విస్మరించిన వన్యప్రాణి ప్రేమ పేద ఇంటి విద్యార్థికి పరాయిదిగా ఉంటుంది.
- ‘కొండపొలం’ నవల తెలియనితనం నుంచి ఎరుకకు సాగే మార్గాన్ని చూపింది. సినిమాతో కలిపి చదివినపుడు దాని బోధనా విలువ మరింత పెరుగుతుంది.

1991 నాటి తీర్పు సినిమా హాలుకు రెండు స్లైడ్ల బాధ్యత అప్పగించింది. కథలోని అడవిని చదివించే బాధ్యత మాత్రం తెలుగు బోధించేవారిదే. ఇంటర్, డిగ్రీ తెలుగు పాఠ్యప్రణాళికలలో ఇలాంటి నవలకు, దానిపై వచ్చిన సినిమాకు కలిపి ఒక యూనిట్ కేటాయిస్తే, పర్యావరణ అధ్యయనం మార్కుల కోసం చదివే మరో పేపరుగా మిగిలిపోకుండా ఉంటుంది.