జీతం రాళ్లతో శాతవాహనులు

నిడదవోలులాంటి ఊళ్లో చిన్న జీతం మీద బతుకుతూ పాత నాణేలు పోగుచేసేవాళ్లంటే నాకెంతో గౌరవం. వేంగీ చాళుక్యుల కాలంలో నిరవద్యపురంగా పేరుపడ్డ ఊరిది. ఆ వంశంలోని మొదటి శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు వేయించిన వరాహముద్ర బంగారు నాణేలు సముద్రం దాటి అరకాన్ తీరం దాకా వెళ్లాయి. వాటిని మ్యూజియం అద్దంలోంచి చూసి సంతోషించాల్సిందే.

శాతవాహనులు మాత్రం సామాన్యుడికి అందుతారు. వాళ్ల సీసం నాణేలు, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేలు విస్తారంగా దొరికాయి గనక అరిగినవి కొన్ని వందల రూపాయలకే వస్తాయి. పావలా బిళ్లంత పోటిన్ నాణెం చూడండి. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, చుట్టూ బ్రాహ్మి అక్షరాలు. రెండోవైపు ఉజ్జయిని గుర్తు: అడ్డగీత, నిలువుగీత, నాలుగు కొసలా నాలుగు వలయాలు. అచ్చు కంటే బిళ్ల చిన్నది కావడంతో రాజుగారి పేరు చాలాసార్లు సగమే పడుతుంది. వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పుకుంటూ, భూతద్దంతో ‘సాతకణిస’లో మిగిలిన రెండక్షరాలు పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా.

ఇలా పోగుచేసేవాళ్లు నాణేన్ని చింతపండుతో తోమరు. శతాబ్దాలుగా పట్టిన పొర పోతుంది. సీసపు నాణేన్ని చెక్కపెట్టెలో దాచరు. కర్రలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లబారి పొడిపొడి అవుతుంది. దున్నుతుంటే దొరికిందని ఎవరైనా తెస్తే కొనరు, కలెక్టరుకు తెలియజేయమంటారు. 1878 నాటి నిక్షేపాల చట్టం చెప్పేది అదే. కొన్న ప్రతి నాణేనికీ బరువు, వ్యాసం, కొన్న చోటు నోటుపుస్తకంలో రాసిపెడతారు.