కరువు కథలలో కానరాని తొలికొలువు

అనంతపుర మండలమును గూర్చి కలము పట్టిన ఆధునిక రచయితలలో కరువును స్పృశింపనివారు అరుదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనమును, తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును ఈ పీఠభూమికి మిగిలిన తుంపరనే విదల్చుచున్నవి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతము. అదియు వేరుసెనగ ఊడలు దిగు వేళకు ముఖము చాటువేయుట ఇచటి రైతునకు అనుభవైకవేద్యము. ఈ నేలనుండి వెలువడిన సాహిత్యము రాశిలోను వాసిలోను గణనీయమైనది. విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట' మొదలుకొని, వర్షాధారపు సేద్యము జూదముతో సమానమని చూపిన సింగమనేని నారాయణగారి 'జూదం' మీదుగా, నేటి యువకథకులవరకు ఈ ధార తెగలేదు. ఆ కృతుల గుణములను పెద్దలు పలువురు వివరించియున్నారు. చర్వితచర్వణము మా యుద్దేశము కాదు. ఒక్క ప్రశ్న మాత్రమే మమ్ము చాలకాలముగా వేధించుచున్నది. కరువుచేత ఊరు విడిచి పరదేశమునకు పోయిన మనుష్యునకు అచట మొదటి పని ఎట్లు దొరకినది? ఈ ప్రశ్నకు మా మండలపు కరువు సాహిత్యమున సమాధానము వెదకితిమి. దొరకినది మిక్కిలి స్వల్పము.

మేము చదివినంతలో వలస కథకు రెండు ముఖములే కలవు. ఒకటి బయలుదేరుట. తాళము పడిన ఇల్లు, అరుగుమీద మిగిలిన ముసలివారు, కసాయికి తోలిన ఎద్దులు, బెంగుళూరు బస్సు. బస్సు కదలుటతో కథ ముగియును. రెండవది తిరిగి వచ్చుట. వచ్చినది పెట్టె కావచ్చును, శవపేటిక కావచ్చును, గుర్తుపట్టరాని మనిషి కావచ్చును. ఈ రెంటికి నడుమ నున్నది చీకటి. ఆ చీకటిలోనే గదా బ్రదుకంతయు జరిగినది! తొలికొలువు ఏదో, దానిని ఇప్పించినది ఎవరో, అందుకు ఎంత పుచ్చుకొనిరో, ఆ పిమ్మట ఎన్నాళ్ళు ఎవరి మాటకు తలయొగ్గవలసి వచ్చెనో, ఇవి యన్నియు ఒక్క ముడిలో నున్నవి. ఆ ముడిని విప్పని కథ వలసను చెప్పినట్లు కాదు, వీడ్కోలును చెప్పినట్లు.

ఈ ముడి నేటిది కాదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' యను ఓడ చెన్నపట్టణమునుండి పోయి దర్బాను రేవు చేరినది. నేటాలు చెరకుతోటలకు పోయిన ఆ తొలి కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. వారికి కొలువు వెదకుకొను పని లేదు. ఓడ ఎక్కకముందే వ్రేలిముద్ర పడినది. ఏ దొర తోటకు పోవలెనో దిగిన పిమ్మట ఇతరులు నిర్ణయించిరి. ఒడంబడిక యను అర్థముగల ఆంగ్లపదము కూలీల నోట 'గిరిమిట్' అయినది. మనిషిని మనిషి ఎరుగని వ్యవస్థ యది. పట్టుకొనిపోవువాడు అన్యుడు, కాగితము అన్యభాషలోనిది, యజమాని అన్యదేశీయుడు. అందువలన దానిని ద్వేషించుట సులభమైనది. జాతీయనాయకులు దానిపై ఆందోళన జరిపిరి. 1917లో ఆ పద్ధతి క్రింద కూలీలను పంపుట నిలిచిపోయినది.

ఇందుకు భిన్నమైన పద్ధతి బర్మాలో నడచినది. గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలములనుండి రంగూనునకు పోయిన కూలీలను కొనిపోయినవాడు మేస్త్రీ. ఈ మాట పోర్చుగీసువారి 'మెస్త్రె'నుండి మనకు వచ్చినది. పనియందు నిపుణుడని మూలార్థము. ఇల్లు కట్టించు మేస్త్రీయందు ఆ యర్థము నేటికిని నిలిచియున్నది. రంగూను మేస్త్రీ నైపుణ్యము వేరు. అతడు కూలీ యూరివాడో పొరుగూరివాడో అయియుండును. ఊరనే బయానా ఇచ్చును. ఆ సొమ్ముతో ఇంటి అప్పు తీరును, ఓడ ఖర్చు గడచును. రేవులోనో బియ్యపు మిల్లులోనో కొలువు చూపించును. బసయు అతనిదే. కూలి యజమాని చేతినుండి మేస్త్రీ చేతికి, అతని చేతినుండి, బయానాకు తరుగు పోగా, కూలీ చేతికి వచ్చును. మలయా రబ్బరు తోటలలో 'కంగాణి' చేసిన పనియు ఇట్టిదే. మలయాకు కూలీలను ఖర్చు పెట్టుకొని కొనిపోవుటను 1938లో భారత ప్రభుత్వము ఆపివేసినది గాని, ఆపదలచినది వేతనముల తగ్గింపును చూచియే తప్ప కంగాణి మొగము చూచి కాదు.

గిరిమిట్ పద్ధతిని రూపుమాపిన దేశము మేస్త్రీని ఏల సహించినది? మేస్త్రీ మనవాడు. అతడు 'మామ' యని పిలువబడును. జ్వరము వచ్చినప్పుడు మందు తెచ్చును, చచ్చినప్పుడు కట్టెలు పేర్చును. తరుగు కోయు చేయియు, గంజి పోయు చేయియు ఒక్కటే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె తీరిన పిమ్మట ఆ బర్మీయులను వెడలగొట్టగా ఘోరమైన కొట్లాట రేగినది. చరిత్రకారులు దీనిని రెండు జాతుల కలహముగా వర్ణించుట కలదు. ఒక జాతి జాతియంతయు ఒక రేవును ఆక్రమించుకొన్నట్లు అగపడుటకు మేస్త్రీల గొలుసుకట్టు ఎంతవరకు కారణమో ఆలోచింపవలసియున్నది. 1942లో జపానువారి దండయాత్రతో ఆ గొలుసు తెగినది. కూలీలు అడవులబడి నడచివచ్చిరి.

తీరాంధ్రపు గాథ మనకేల యని అనంతపురమువారు అనుకొనవచ్చును. మనకు రేవు లేదు, ఓడ లేదు. నిజమే. కాని 1970 దశకమున చమురు ధర పెరిగి గల్ఫు దేశములు కూలీలను పిలుచుట మొదలుపెట్టిన పిమ్మట రేవు లేని మెట్టసీమకును విమానమార్గము తెరువబడినది. కడప, రాయచోటి ప్రాంతములతోపాటు కదిరి ప్రాంతమునుండి కువైట్‌కు పోవుట బహుళమైనది. (2022లో మండలమును విభజించుటచే కదిరి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది, కరువునకు మాత్రము ఆ సరిహద్దు తెలియదు.) పోవువారిలో స్త్రీలు చాలమంది. ఇండ్లలో పనికి కుదురు స్త్రీని అచట 'ఖద్దామా' యందురు. ఆమెకు ఇచ్చునది 'ఖాదిం వీసా', కువైట్ లెక్కలో 20వ సంఖ్యది. కంపెనీ పనులకు 18వ సంఖ్య వేరు. ఒక వీసాపై పోయినవారు వేరొకచోట పని చేయరాదు. యజమాని 'కఫీలు'. అతని పూచీమీదనే నివాసానుమతి, 'అకామా', నిలుచును. దానిని పోగొట్టుకొన్నవాడు 'కల్లివల్లి'. ఈ పదములను మా ప్రాంతపు పల్లెలలో అక్షరము రాని అవ్వ సయితము తడుముకొనక పలుకును. మన మాండలిక పదకోశములలో వీనికి చోటు దొరకలేదనుట మా శాఖలకు గౌరవము కాదు.

'ఆజాద్ వీసా' యను మాటను కొంచెము నిలిచి చూడవలెను. ఆజాదు అనగా స్వేచ్ఛ. కఫీలు కాగితముమీద మాత్రమే యజమాని. అతనికి ఏటేట కొంత సొమ్ము ముట్టజెప్పి, పోయినవాడు తన పని తాను వెదకుకొనును. చట్టమున ఇట్టి వీసా లేనే లేదు. ఎక్కువ వెల పెట్టి కొనిన స్వేచ్ఛ, పట్టుబడిన నాడు నేరమగుచున్నది. అయినను వెదకుకొనుట యను క్రియ నిజముగా ఉన్నది ఇచటనే. ఒకే ఊరివారు పలువురు కలిసియుండు గదిలో దిగి, ముందువచ్చినవాని చాపమీద సగము చోటు సంపాదించి, శుక్రవారమునాడు కువైట్ నగరపు మాలియాలో తెలుగువారు గుమిగూడుచోట నిలబడి, ఏ యింట వంటవాడు మానినాడో, ఏ దుకాణమున మనిషి కావలెనో చెవి యొగ్గి వినుట. ఈ నిలబడుటలో ఎంత కథ యున్నది! ఒక్క శుక్రవారము చాలును, మంచి కథకునకు.

చట్టము లేక కాదు. 1983 నాటి వలసల చట్టము కలదు. అనుమతి పొందిన ఏజెంటు కార్మికునివద్ద 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప పుచ్చుకొనరాదు. గల్ఫు మొదలగు దేశములకు ఇంటిపనికి పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. ఈ నిబంధన స్త్రీ రక్షణకై పుట్టినది. కాని 24 ఏండ్ల తల్లికి ఇంట తిండి లేనప్పుడు ఈ రక్షణ ఆమెను ఆపదు; సరియైన దారినుండి తప్పించి, దొంగదారి చూపగల బంధువు చేతిలో పెట్టును. ఆ బంధువు రంగూను మేస్త్రీకి వారసుడు.

పాశ్చాత్య సామాజికశాస్త్రమున ఈ విషయమై పేరెన్నికగన్న సిద్ధాంతమొకటి యున్నది. మార్క్ గ్రానొవెటర్ బోస్టను చెంతనున్న న్యూటను పట్టణపు ఉద్యోగులను ప్రశ్నించి 1974లో వెలువరించిన గ్రంథమున, సగమునకు మించినవారికి పని పరిచయములవలననే దొరకినదనియు, అందును దగ్గరి బంధుమిత్రులకంటె దూరపు పరిచయస్థులే ఎక్కువ అక్కరకు వచ్చిరనియు చూపెను. నిత్యము కూడియుండువారికి తెలిసినది మనకును తెలిసియే యుండును. దూరపువాడు క్రొత్తవార్త తెచ్చును. ఊహ చక్కనిది. కాని ఈ సిద్ధాంతమున పరిచయము ఆస్తి. కదిరి పల్లెలో పరిచయము అప్పు. న్యూటను ఉద్యోగి తనకు వార్త చెప్పిన పరిచయస్థునకు ఒక నమస్కారము బాకీ పడును. ఖద్దామాగా పోయినామె వీసా తెచ్చిన పిన్నమ్మకు ఏండ్ల తరబడి బాకీ పడును. ఆ పిన్నమ్మ మాట కాదని ఇల్లు మారరాదు, మారినచో ఊరిలో తల్లి తల యెత్తుకొనలేదు. దూరపు పరిచయముకంటె దగ్గరి చుట్టరికమే ఇచట కొలువును తెచ్చుచున్నది, కట్టుచున్నది.

చదువు రానివారికే ఇట్లని భ్రమింపరాదు. షియాంగ్ బియావ్ అను చైనా మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదులోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను తిరిగి, కంప్యూటరు పనివారిని గూర్చి 2007లో ఒక గ్రంథము వెలువరించెను. అందలి పనివారిలో అధికులు తెలుగువారు. వారిని విదేశమునకు రప్పించి, పని దొరకువరకు 'బెంచి'మీద కూర్చుండబెట్టి, దొరకిన పిమ్మట జీతములో పాలు కోసికొను సంస్థలను నడపువారిలోను తెలుగువారు కలరు. పట్టభద్రుని మేస్త్రీకి 'కన్సల్టెన్సీ' యని పేరు. ఈ గ్రంథమును ఒక చైనీయుడు వ్రాయవలసివచ్చెననుట మమ్ము కొంచెము సిగ్గుపరచినది.

ఇక సాహిత్యమున ఈ మనిషి ఏల కానరాడు? మా కథలలో వడ్డీవ్యాపారికి ముఖమున్నది, ఫ్యాక్షను నాయకునకు మీసమున్నది, గుమాస్తాకు సంచియున్నది. వీసా తెచ్చిన చిన్నాయనకు మాత్రము రూపము లేదు. కారణములు రెండని మాకు తోచుచున్నది. సీమ కథకులలో పలువురు ఉపాధ్యాయులు. సింగమనేనివారు తెలుగు పండితులుగా పనిచేసినవారు. బండి నారాయణస్వామిగారు ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. ఉపాధ్యాయుడు ఊరిలోనే నిలిచియుండువాడు. బడిలో ఖాళీయైన బల్లయు, వీధిలో తాళము పడిన తలుపును అతని కంటబడును. బస్సు పోయినచోటు కంటబడదు. కనని దానిని కన్నట్లు వ్రాయకపోవుట నిజాయితీయే. ఆ మేరకు ఈ లోపము గుణమే. రెండవ కారణము అంత క్షమింపదగినది కాదు. కరుణరసమునకు అలవాటుపడిన కథ నేరమును ఆకాశముమీదనో ప్రభుత్వముమీదనో మోపి తృప్తిపడును. మనవాడే మనవానిని మోయుచు, ఆ మోతకూలిని వసూలు చేయుట చెప్పవలెనన్నచో శుద్ధకరుణ చాలదు. తెలంగాణమున పెద్దింటి అశోక్‌కుమార్‌గారు 'ఎడారి మంటలు' నవలలో గల్ఫు బ్రదుకునే వస్తువుగా గ్రహించిరి. సీమలో అట్టి పూనిక ఇంకను బలపడవలసియున్నది.

సాహిత్యము కార్మికశాఖ నివేదిక కాదుగదా యని ఒక ఆక్షేపణ రావచ్చును. కాదు. నివేదికకు అంతుపట్టనిది ఇచట నున్నది కనుకనే కథ కావలెనని మేమనుచున్నాము. లక్ష రూపాయలు పుచ్చుకొన్న ఏజెంటుపై ఫిర్యాదు వ్రాయవచ్చును. ఆ లక్ష పుచ్చుకొని, విమానాశ్రయమునకు ఎదురువచ్చి, తొలి రాత్రి తన అన్నములో సగము పెట్టిన అన్నపై ఏ ఫిర్యాదు వ్రాయుదురు? ఆ కృతజ్ఞతయు ఆ కోపమును ఒక్క గుండెలో ఎట్లు ఇముడునో చెప్పగలది కథయే.

పరిశోధక విద్యార్థులు పల్లెలకు పోయినప్పుడు ఒక్క సంగతిని గమనింపవలెనని కోరుచున్నాము. తిరిగివచ్చిన వారిని 'అక్కడ పని ఎట్లు దొరికింది' అని అడుగుడు. 'నాకు పని దొరికింది' అని గాని, 'నేను వెదుక్కొన్నాను' అని గాని చెప్పువారు తక్కువ. 'మా చిన్నాయన పిలిపించుకొన్న్యాడు', 'మా వదిన వీసా పంపింది', 'మా ఊరాయప్ప ఎక్కించినాడు' అని చెప్పుదురు. పని చేసినది తానైనను వాక్యమునకు కర్త వేరొకడు. ఈ వాక్యములను వినినవి వినినట్లు, ఆ చిన్నాయన పేరు దాచి, అతడు పుచ్చుకొన్న మొత్తము దాచక, వ్రాసికొని రావలెను.