షెరీఫు కథలు - రసవిచారము

అమెరికా ఐక్యరాష్ట్రములలోఁ బందొమ్మిదవ శతాబ్దమున వలసవారి నివాసములు పడమటికి వ్యాపించుచుండఁగా, నా సీమాంతములయందు శాంతి నిలుపుటకై యేర్పడిన యధికారులు షెరీఫులు, మార్షలులు. షెరీఫును కౌంటీ ప్రజలెన్నుకొందురు. ఊరి మార్షలు ఆ యూరికి లోఁబడిన యుద్యోగి. వీరిని గూర్చిన కథానికలలోఁ గొన్ని మిక్కిలి విషాదచ్ఛాయ గలవి. అందు నాయకుఁడు వృద్ధుఁడో, యొంటరివాఁడో, తుదకు హతుఁడో యగును. అట్టి కథలు చదువరుల నేల యాకర్షించును? తుపాకిపోరే కారణమని పలువురు తలంతురు. ఈ మతము పరీక్షకు నిలువదు.

సీమాంతరేఖ యిఁక లేదని 1890వ సంవత్సరపు జనాభాలెక్కల యధికారులు ప్రకటించిరి. పిమ్మట 1898లో స్టీఫెన్ క్రేన్ ‘ది బ్రైడ్ కమ్స్ టు యెల్లో స్కై’ యను కథను వెలువరించెను. అందు మార్షలు పాటరు క్రొత్తపెండ్లికూఁతునితో రైలు దిగి వచ్చుచుండఁగా, మద్యమత్తుఁడైన పాతవైరి తుపాకి నెత్తి యడ్డగించును. పాటరు నిరాయుధుఁడు, తనకు వివాహమైనదని మాత్రము చెప్పును. ఆ మాటకే వైరి చేష్టలు దక్కి, యిసుకలోఁ గాళ్లీడ్చుకొనుచు వెడలిపోవును. వారిరువురి నడుమ నొక్క గుండైనఁ బ్రేలలేదు. అయినను ఒక యుగము గతించినదను చింత సహృదయుని హృదయమున నిలిచియే యుండును. కావున నాకర్షణకు మూలము పోరు కాదు.

జాన్ కనింగ్‌హామ్ 1947లోఁ బ్రకటించిన ‘ది టిన్ స్టార్’ దీనిని మఱింత స్పష్టపఱచును. షెరీఫు డోన్ ముదుసలి, భార్య గతించినది, చేతుల కీళ్లు వాఁచినవి. తాను చెఱకుఁ బంపిన వైరి విడుదలయై రైలులో వచ్చుచున్నాఁడు. ఈ యుద్యోగమున నేమియు మిగులదని యెఱిఁగియు నతఁడు తొలఁగఁడు. దెబ్బతిని పడిన తన సహాయకుఁడు టోబీకి మేనినే యడ్డుపెట్టి మరణించును. 1953లో వెలువడిన ఎల్మోర్ లెనర్డ్ కథ ‘త్రీ టెన్ టు యూమా’లోని డిప్యూటీ మార్షలు స్కాలెన్ స్వల్పవేతనుఁడు. అతఁడు బందిపోటుదొంగను యూమా చెఱకుఁ జేర్పవలెను. మార్గమధ్యమునఁ బగ తీర్చుకొన వచ్చినవాని నుండి యా దొంగనే కాపాడును.

వ్యాకరణమున స్వతంత్రుఁడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణము. ఊరివారికి షెరీఫు గొడ్డలివలెఁ గరణము మాత్రమే; పని తీఱినంతనే మూలఁబెట్టఁదగినవాఁడు. ఈ కథలు కరణముగా నెంచఁబడినవానిని గర్తగా నిలుపును. విషాదచ్ఛాయకుఁ బ్రయోజన మిదియే. జయము, ధనము, కీర్తి లభించు కథలో నాయకుని నడపినది ధర్మమో ఫలాశయో తెలియరాదు. బలము, మెప్పు, లాభము నొక్కొక్కటిగాఁ దొలఁగించినను క్రియ నిలిచినచో, నవి దానికిఁ గారణములు కావని తేలును. ఇది వ్యతిరేకముచే సాధించిన నిర్ణయము.

నాయకుఁడు మరణించుటచేఁ గరుణమే ప్రధానరసమని కొంద ఱందురు. ‘టిన్ స్టార్’ శోకముతో ముగియదు; టోబీ యుద్యోగమును వదలక నిలుచును. ఆ కథ మూలముగా 1952లో వచ్చిన ‘హై నూన్’ చలనచిత్రమున నాయకుఁడు బ్రదికియు, నూరివారి కృతఘ్నతకు రోసి, నక్షత్రచిహ్నమును దుమ్మునఁ బడవైచి పోవును. కథయందు నాయకుఁడు గతించినను నుత్సాహము వేఱొకనియందు నిలుచును. ఉత్సాహము స్థాయిగా నున్నచోట వీరమే యంగి, అందును ధర్మవీరము. కరుణము దాని కంగము.

ఈ వాఙ్మయమున నొక కొఱఁత కలదు. షెరీఫు చట్టము నిలిపిన నేల యంతకుముం దచ్చటి మూలవాసులది. వారికి జరిగిన యన్యాయమును బెక్కు కథలు తడవవు. ధర్మమునకై ప్రాణమిచ్చువానిఁ గీర్తించు రచన, యా ధర్మ మెవరిదను ప్రశ్నను దాఁటిపోవుట దోషమే. ఆ దోషము నెఱిఁగియే యీ కథలను జదువవలెను. అట్లు చదివినను, ఫలము లేదని తెలిసియుఁ దొలఁగని మనుష్యుఁడు చదువరి మనస్సునుండి తొలఁగఁడు.