పాత గిటార్‌కు లక్క పూత

సెకండ్ హ్యాండ్‌లో అకూస్టిక్ గిటార్ కొన్నవాళ్ళకు మొదట కనపడేవి దాని మచ్చలే. స్ట్రమ్మింగ్ చేసేచోట పూత లేచిపోయి ఉంటుంది. మోచేయి ఆనేచోట మెరుపు పోయి ఉంటుంది. అంచున ఎక్కడో దెబ్బ తగిలి పెచ్చు ఊడి ఉంటుంది. తెలిసిన వడ్రంగిని పిలిచి, ఉప్పు కాగితంతో మొత్తం రుద్దించి కొత్త పాలిష్ కొట్టిద్దామన్న ఆలోచన వెంటనే వస్తుంది. తలుపులకూ బీరువాలకూ ఆ పని బాగానే ఉంటుంది. గిటార్‌కు మాత్రం అది చెరుపే.

గిటార్ ముందు పలక ఎక్కువగా స్ప్రూస్ చెక్క, కొన్నిటికి సీడార్. దాని మందం సుమారు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. తీగల లాగుడును తట్టుకుంటూనే వాటితో పాటు కదలడం ఆ పలక పని. ఉప్పు కాగితం పూత దగ్గర ఆగదు, చెక్కనూ తింటుంది. ఆ పైన కొత్త పాలిష్ దళసరిగా పడితే పలక కదలిక తగ్గి నాదం మూగబోతుంది. మార్టిన్, గిబ్సన్ లాంటి కంపెనీల పాత గిటార్ల విషయంలో డబ్బు కూడా పోతుంది. ఎంత అరిగినా అసలు పూత మిగిలి ఉన్న గిటార్‌కు పలికే ధర, గీకి కొత్త పూత వేసినదానికి పలకదు. దాదాపు సగానికి పడిపోతుందని పాత వాయిద్యాల వ్యాపారులు లెక్క వేస్తారు.

అరిగినంత మేర మాత్రమే, అదే పదార్థంతో అతికే పద్ధతి ఒకటి ఉంది, సుమారు రెండు వందల ఏళ్ళ నాటిది. దాన్ని ఫ్రెంచ్ పాలిష్ అంటారు. పేరు ఫ్రాన్స్‌దైనా సరుకు మన లక్కే. లక్క పురుగులు కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు గుంపులుగా పట్టి, రసం పీల్చి, ఒంటి చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ జిగురును కొమ్మల మీంచి గీరి, కడిగి, కరిగించి, పలచని రేకులుగా సాగదీసి విరిస్తే వచ్చేదే రంగుల దుకాణాల్లో దొరికే చపడా. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు ఇదొక ఆదాయం. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ వెలిసింది. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా ఈ లక్కదే. అక్కడ లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గిటార్ పలకకు అంత వేడి పనికిరాదు కనుక లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు.

స్పెయిన్‌లో గిటార్లు చేసిన ఆంతోనియో దె తోర్రెస్ (1817–1892) నాటి నుంచి నేటిదాకా చేత్తో చేసే క్లాసికల్ గిటార్లకు ఈ పూతదే పెద్దపీట. అమెరికాలో 1833లో మొదలైన మార్టిన్ కంపెనీ కూడా 1920ల దాకా లక్కనే నమ్ముకుంది. ఆ దశకంలో కార్ల పరిశ్రమ కోసం త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ వచ్చింది. స్ప్రే గన్‌తో చల్లితే ఒక్క పూటలో పని తెమిలిపోతుంటే గిటార్ ఫ్యాక్టరీలూ అటే మళ్ళాయి. తర్వాతి దశాబ్దాల్లో పాలీయురెథేన్, పాలియెస్టర్ పూతలు వచ్చాయి. మన ఊళ్ళలో చేతులు మారే యమహా ఎఫ్ 310 లాంటి గిటార్లకు ఉండేది ఈ పాలీ పూతే.

కాబట్టి ముందు మీ గిటార్‌కు ఉన్న పూత ఏదో తేల్చుకోవాలి. కంటికి ఆననిచోట, అంటే పట్టీ గుబ్బ కిందో పిక్‌గార్డ్ ఊడినచోటో, దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్క చుక్క తాకించండి. జిగటగా మెత్తబడితే లక్క. స్పిరిట్‌కు లొంగకుండా ల్యాకర్ థిన్నర్‌కు కరిగితే నైట్రో. రెండింటికీ చలించకపోతే పాలీ. థిన్నర్ ప్లాస్టిక్ అంచుపట్టీని కూడా కరిగిస్తుంది, జాగ్రత్త.

లక్క గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. కొత్త పూతలోని స్పిరిట్ పాత పూత పైపొరను కాస్త కరిగించి, రెండింటినీ ఒకటి చేస్తుంది. వందేళ్ళ నాటి పూత మీద ఇవాళ వేసిన అతుకు జాడ లేకుండా కలిసిపోతుంది. నైట్రో కూడా ఇలాగే కలుస్తుంది. పాలీ కలవదు. గట్టిగా, చెమటకు చెక్కుచెదరకుండా ఉంటుంది కానీ, పెచ్చు ఊడిందంటే అతుకు అంచు ఎంతోకొంత కనపడుతూనే ఉంటుంది. మరమ్మతుకు లొంగే పూతే మంచి పూతని నా అభిప్రాయం.

వంద మిల్లీలీటర్ల స్పిరిట్‌కు పదిహేను నుంచి ఇరవై గ్రాముల చపడా చాలు. స్ప్రూస్ పలకకు మైనం తీసిన లేత రంగు రేకులు తీసుకోండి. ఒక రోజు నానబెట్టి, అప్పుడప్పుడు కుదిపి, పలచని గుడ్డలో వడకట్టాలి. సీసా మీద తేదీ రాయడం మరవకండి. కలిపి ఆరు నెలలు దాటిన లక్క సరిగా గట్టిపడకపోవచ్చు. అనుమానం వస్తే గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి. మర్నాటికీ వేలికి అంటుకుంటుంటే పారబోయడమే.

పూసే సాధనం చేతిలో ఇమిడే చిన్న మూట. లోపల ఉన్ని, పైన బాగా ఉతికిన నూలు గుడ్డ. గుడ్డ విప్పి లక్కను ఉన్నికి పట్టించి, మళ్ళీ ముడి బిగించి, కాగితం మీద ఒకసారి ఒత్తి చూడాలి. తడి మచ్చ పడాలి, చుక్క కారకూడదు. పలక మీద మూటను కదులుతుండగానే దించాలి, కదులుతుండగానే ఎత్తాలి. మధ్యలో ఆగిందా, అక్కడ అంటుకుని కింది పొరను పీకేస్తుంది. చిన్న సున్నాలు, ఆ తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు, చివర నారల వెంబడి నిలువు గీతలు. మూట పట్టేస్తోందనిపిస్తే గుడ్డకు ఒక్క చుక్క ఆలివ్ నూనె. పని సరిగ్గా సాగుతున్నదనడానికి ఒక గుర్తుంది. మూట వెనకాలే అద్దం మీద ఊపిరి వదిలినట్టు సన్నని మసక వచ్చి, చూస్తుండగానే మాయమవుతుంది. ఆ మసక రాకపోతే మూట ఎండిపోయినట్టు, తడి నిలిచి గీతలు కడితే ఎక్కువైనట్టు. ఒక విడత అయ్యాక చాలా గంటలు ఆరనివ్వాలి. ఇలా పలచని పొరలు రోజుల తరబడి పేర్చి, చివర దాదాపు ఒట్టి స్పిరిట్‌తో తేలిగ్గా తుడిచి పైకి తేలిన నూనెను లాగేస్తారు. కంగారు పడేవాళ్ళకు ఈ పని అచ్చిరాదు. చేతికి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా కూర్చోండి.

లక్కకు బలహీనతలూ ఉన్నాయి. మద్యం ఒలికితే కరుగుతుంది. మే నెల ఎండలో కారులో వదిలేస్తే మెత్తబడుతుంది. కోస్తా ఉక్కకు, చెమటకు మోచేతి దగ్గర త్వరగా పలచబడుతుంది. అయితే పలచబడినచోట నాలుగు చుట్లు తిప్పితే మళ్ళీ నిండుతుంది.

పాలీ గిటార్‌లో పెచ్చు ఊడితే దారి వేరు. గుంటలో చెక్క బయటపడి ఉంటే ముందు ఒక పొర లక్క పూసి ఆరనివ్వాలి. నేరుగా జిగురు తగిలితే స్ప్రూస్ నల్లబడుతుంది. ఆ పైన ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూను చుక్క చుక్కగా, చుట్టూ ఉన్న పూత కన్నా వెంట్రుకవాసి ఎత్తుకు నింపాలి. పూర్తిగా గట్టిపడ్డాక రేజర్ బ్లేడుకు రెండు కొసలా టేపు చుట్టండి. టేపు పక్క పూతను కాపాడుతుంటే నడుమ ఉన్న అంచు ఉబ్బును మాత్రమే గీరుతుంది. చివర వెయ్యి నుంచి రెండు వేల నంబరు ఉప్పు కాగితాన్ని తడిపి రుద్ది, పాలిషింగ్ పేస్టుతో మెరుపు తెస్తే సరి.

అరుగుదల అంతటినీ మాన్పాలని కూడా లేదు. అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ ఎన్-20 గిటార్ ‘ట్రిగ్గర్’ పిక్ రాపిడికి అరిగి అరిగి, ముందు పలకకు పెద్ద బొక్క పడింది. క్లాసికల్ గిటార్ కనుక దానికి పిక్‌గార్డ్ లేదు. ఆస్టిన్‌లోని మరమ్మతుకారుడు మార్క్ ఎర్ల్‌వైన్ ఆ బొక్కను పూడ్చలేదు. లోపలి బద్దలను బలపరిచి, చుట్టూ మిగిలిన చెక్కకు పూత వేస్తూ కాపాడుకొస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఒకరి చెయ్యి తిరిగినచోట పడిన అరుగుదలను చూస్తే నాకు గౌరవమే కలుగుతుంది. చెక్క బయటపడి చెమటకు నల్లబడుతుంటే మాత్రం ఒక పలచని పొరతో మూసేయాలి.

రోజువారీ పనికి కాస్త తడిపి బాగా పిండిన మెత్తటి గుడ్డ చాలు. సిలికోన్ కలిసిన మెరుపు ద్రావకాలు వద్దు, అవి అంటినచోట తర్వాత ఏ పూతా సరిగా పట్టదు. నైట్రో గిటార్‌ను రబ్బరు తొడుగున్న స్టాండు మీద నెలల తరబడి వదలకండి, ఆనినచోట పూత కరిగి మచ్చ పడుతుంది.

ఇక కొనబోయేవాళ్ళకు ఒక మాట. మెడ వంగిందేమో, బ్రిడ్జి లేచిందేమో, లోపల బద్ద ఊడిందేమో ముందు చూడండి. అవి బాగుంటే పూత మీది గీతలు చూపించి ధర తగ్గించమని అడగండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి వంద గ్రాముల చపడా కొనుక్కోండి.